తొమ్మిదికి దొరకని తప్పు

మా నాయనకు ఆ లెక్క ఎందుకు నేర్పానా అని ఇప్పటికీ నా మీద నాకే చిరాకు. ఎంత పెద్ద సంఖ్యనైనా అంకెలన్నీ కూడి, వచ్చినదాన్ని మళ్లీ కూడి, ఒకే అంకెకు దించవచ్చు. ఎత్తి రాసుకున్న నంబరు సరిగా ఉందో లేదో చూసుకోవడానికి అదో సులువు. హైస్కూల్లో లెక్కల టీచర్ని కదా, ఒక ఆదివారం గొప్పగా చెప్పాను. అప్పటినుంచి ఆయన కరెంటు మీటరునూ వదల్లేదు, బస్సు నంబరునూ వదల్లేదు. తన ఆధార్‌కు నాలుగు వస్తుందని ఊరంతా చెప్పుకున్నాడు.

పోయిన సంవత్సరం తొలకరి పడగానే, బత్తలపల్లెలో సబ్సిడీ వేరుశనగ విత్తనాలు ఇస్తున్నారంటే ఇద్దరం వెళ్లాం. ఇంట్లో విత్తనానికి ఒక్క గింజ లేదు. నేలలో పదును రెండు రోజులకు మించి నిలవదు. ఆధార్ కార్డు ఎక్కడ పోతుందోనని దాన్ని ట్రంకుపెట్టెలోనే ఉంచి, ఆయన నంబరున్న చీటీ తెచ్చాడు. రెండు గంటలు వరుసలో నిలబడ్డాక, కంప్యూటరు దగ్గరున్న అమ్మాయి చీటీ చూసి నంబరు కొట్టింది.

"ఈ నంబరు తప్పు పెద్దాయనా."

"యాడ తప్పు? కూడి చూడు, నాలుగొస్తాది. నీ కంప్యూటరే తప్పు చెప్తాండాది!"

మళ్లీ కొట్టింది. మళ్లీ తప్పే. ఆయన చీటీ లాక్కుని, వేలు పెట్టి పైకే కూడడం మొదలుపెట్టాడు. నాకు ఒళ్లు మండింది.

"పక్కపక్క అంకెలు తారుమారైనా మొత్తం మారదు నాయనా. అరవైమూడు ముప్పయ్యారైతే తేడా ఇరవయ్యేడు. వెనక ఎన్ని సున్నాలున్నా అది తొమ్మిదితో పోయేదే. నీ లెక్కకు ఆ తప్పు దొరకదు. ఆధార్‌లో చివరి అంకె పెట్టిందే అట్లాంటివి పట్టుకోడానికి."

"నాలుగొస్తాండాది గదా!"

తల బాదుకోవాలనిపించింది. అమ్మకు ఫోన్ చేశాను. ఆమె తాళంచెవి వెతికి, కార్డు తీసి, ఒక్కో అంకె చదివేసరికి మమ్మల్ని వరుస చివరికి పంపేశారు. నేను అన్నట్టే, ఆయన చేతిలో పట్టుకుని చదివిన చీటీలో మధ్య రెండు అంకెలు తారుమారయ్యాయి. అమ్మ చదివిన నంబరునూ ఆయన కూడి చూశాడు.

"ఇదీ నాలుగే. రెండూ కరెక్టే" అన్నాడు.

ఇక నోరు పారేసుకున్నాను. ఐదో క్లాసు దాటని మనిషికి లెక్కలు నేర్పినందుకు నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలి అన్నాను, అందరూ వింటుండగా. ఆయన తల వంచుకున్నాడు.

మా ముందు ఇద్దరుండగా మూటలు అయిపోయాయి. మళ్లీ లోడు ఎప్పుడొస్తుందో చెప్పలేమన్నారు.

షేర్ ఆటోలో ఇంటిదారి పట్టాం. రెండు పక్కలా తడి నేలలో జనం విత్తుతున్నారు. మా ఊరి దగ్గర దిగాక ఆయన చీటీ చింపేయబోతుంటే చేతిలోంచి లాక్కున్నాను. అప్పుడు చూశాను, అది నా చేతిరాత. ఎప్పుడో స్కూలు నోటుబుక్కు కాగితం మీద హడావుడిగా రాసిచ్చి మరిచిపోయాను.

"అప్పుడే చెప్పచ్చు కదా నాయనా?"

"అంతమందిలో టీచరమ్మ తప్పు రాసిందని యెట్ల చెప్పేది పాపా?" అన్నాడు.