దొరసాని ఇత్తడి రేకు

"ఆమె టీల చక్కెర ఏసుకోదు. రేపు మనింటికి అన్నానికి వస్తది, యాదుంచుకో."

మా ఆయన గుమ్మంలో చెప్పులు విడుస్తూ ఈ మాట అన్నారు. నేను చిన్నవాడికి పప్పన్నం కలుపుతున్నాను. నా చేయి గిన్నెలోనే ఆగిపోయింది. ప్రమాదం ఇంటి దాకా వచ్చిందని నాకు మొదట తెలిసింది ఆ క్షణంలోనే. మా పెళ్ళయి అప్పటికి ఎనిమిదేళ్ళు. నేను టీలో ఎన్ని చెంచాల చక్కెర వేసుకుంటానని ఎవరైనా అడిగితే ఆయన నా వైపు చూస్తారు. ఢిల్లీ నుంచి వచ్చి రెండు రోజులు కూడా కాని అధికారిణి సంగతి మాత్రం ఎవరినీ అడగక్కర్లేదు.

నేను భయపడిన ప్రమాదం వేరు, మర్నాడు వచ్చింది వేరు. కాని రెండింటికీ మూలం నాలోనే ఉంది. ఇన్నేళ్ళకు, ఇంట్లో అందరూ నిద్రపోయాక ఇది రాసుకుంటున్నాను. పగలైతే నాకు నేనే ఏదో సర్దిచెప్పుకుంటాను.

మేము అప్పుడు భద్రాచలం రోడ్డు నుంచి నాలుగు మైళ్ళు లోపలికి, టేకు చెట్ల మధ్య కట్టిన ప్రభుత్వ వర్క్‌షాపు క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. బొగ్గు గనుల పంపులకు కావలసిన విడిభాగాలు అక్కడ చేసేవారు. మా ఆయన స్టోర్స్ ఆఫీసర్. ఏ వస్తువు ఎక్కడుందో చెప్పాల్సింది ఆయనే, షెడ్డు తాళాలూ ఆయన దగ్గరే.

షెడ్డులో రెండు విదేశీ యంత్రాలు పక్కపక్కన ఉండేవి. ఒకటి రష్యా వాళ్ళది, మొరటు మనిషిలా పెద్ద చప్పుడుతో పనిచేసేది. రెండోది రష్యాకు పడని దేశం అమ్మింది. ఉక్కును వెంట్రుక కన్నా సన్నగా చెక్కేది, చప్పుడు చేసేది కాదు. పనివాళ్ళు దాన్ని దొరసాని అని పిలిచేవారు. పంపు ఇరుసు చెక్కే ఆ చేత్తోనే అది బాంబుకు, క్షిపణికి కావలసిన ముక్కలూ చెక్కగలదు. అందుకని అమ్మిన దేశం మన ప్రభుత్వం చేత మాట రాయించుకుంది. ఇది ఇక్కడే ఉంటుంది, గనుల పనికే వాడతాం, ఇంకొకరి చేతికి ఇవ్వం, రష్యా వాళ్ళకు చూపించం అని. మాట నిలబడిందో లేదో చూడడానికి రెండేళ్ళకోసారి వాళ్ళ మనుషులు ఇద్దరు వచ్చి, యంత్రానికి బిగించిన ఇత్తడి రేకు మీది నంబరును తమ కాగితాలతో సరిచూసుకుని వెళ్ళేవారు. వాళ్ళ వెంట మన ప్రభుత్వం తరఫున ఒక అధికారి వచ్చేవారు. ఈసారి వచ్చింది ఆ ఢిల్లీ ఆవిడ.

రష్యా ఇంజనీర్లు తమ యంత్రం బాగు చేయడానికి వచ్చే రోజున మా పెద్ద ఫిట్టరు ఒక టార్పాలిన్ పట్టుకుని పరిగెత్తేవాడు. కొత్తగూడెం నుంచి వచ్చిన ముస్లిం పెద్దాయన, కాలనీలో అందరం చాచా అనేవాళ్ళం. "జల్దీ పట్టుండ్రిరా! సాబ్‌లు వస్తున్నరు, దొరసానికి ఘోషా వెయ్యిండ్రి!" అని అరిచేవాడు. అందరూ నవ్వేవారు. నాకు మాత్రం ఆ దేశం మీద నవ్వు వచ్చేది కాదు. వస్తువు అమ్ముకోవాలి, డబ్బు రావాలి, అమ్మింది మాత్రం తన కనుసన్నల్లోనే ఉండాలి, పడనివాడి చూపు దాని మీద పడకూడదు. అది కుళ్ళు కాక ఇంకేమిటి? నాకు బాగా తెలిసిన జబ్బే.

ఈ సంగతులు నాకు మా ఆయన చెప్పినవి కావు. ఆఫీసు విషయాలు ఇంట్లో మాట్లాడనని ఆయన సంతకం పెట్టి వచ్చిన మనిషి. చాచా నోటి నుంచి కొంత, పాత పేపర్ల నుంచి కొంత ఏరుకున్నాను. నేను ఖమ్మంలో బీఎస్సీ కెమిస్ట్రీ చదివాను. నాకు అర్థం కాదని ఆయన చెప్పకపోతే ఒక రకం. అర్థమవుతుందని తెలిసీ చెప్పరు. ఆ ఢిల్లీ ఆవిడతో మాత్రం పొద్దున నుంచి సాయంత్రం దాకా కాగితాలు ముందేసుకుని మాట్లాడవచ్చు. అందుకు అనుమతి ఉంది. నా కడుపు మండింది అక్కడే.

ఆ వారం కన్నా నెల ముందు దసరా వచ్చింది. ఏడాదికి ఆ ఒక్క రోజే ఆడవాళ్ళను షెడ్డులోకి రానిచ్చేవారు. యంత్రాలను కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టి పూజ చేసేవాళ్ళం. ఇత్తడి కనబడితే మా చేతులు ఊరుకోవు. చింతపండులో ఇటుక పొడి కలిపి దొరసాని రేకును ప్రతి దసరాకూ నేనే తోమేదాన్ని. పక్క క్వార్టర్ ఆమె వెనక నుంచి, "ఏందక్కా, సవతికి తలంటు పోస్తున్నవా?" అంది ఆ ఏడాది. ఆడవాళ్ళంతా నవ్వారు, నేనూ నవ్వాను.

అప్పుడే మా ఆయన వచ్చి, "మెల్లగ రుద్దు, దానికి గీత పడొద్దు" అన్నారు. ఆ పొద్దున బూరెలు వేస్తుంటే నూనె చింది నా మణికట్టు కాలింది. పైన అరిటాకు ముక్క కట్టుకుని వెళ్ళాను. అది ఆయన కంటికి కనబడలేదు.

ఏళ్ళ తరబడి తోమీ తోమీ రేకు మీది అంకెలు అప్పటికే మసకబారాయి. చివరి రెండూ ఊదితే పోయేలా ఉన్నాయి. నేను ఇంకాస్త చింతపండు తీసుకున్నాను.

ఢిల్లీ ఆవిడ మా ఇంటికి భోజనానికి రావలసిన రోజు పదకొండు గంటలకు నేను గుత్తి వంకాయ కూరుతున్నాను. ఆవిడ ముందు నా వంట చిన్నబోకూడదని పొద్దుటి నుంచి ఒకటే హైరానా. అప్పుడు చాచా వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు.

"అమ్మా, పని ఖరాబైంది."

"ఏమైంది చాచా?"

"దొరసాని రేకు మీద నంబర్ లేదమ్మా. అద్దం లెక్క మెరుస్తున్నది గని ఒక్క అంకె కనపడ్తలేదు. అసలు మిషిన్ ఎటో పంపిచ్చి, దాని జాగల ఇంకోటి నిలబెట్టిండ్రని ఆ తెల్లోళ్ళ అనుమానం. సార్‌ను షెడ్డు బయట కూసోబెట్టిండ్రు. తాళాలు గుంజుకున్నరు."

"ఆమె ఏమంటోంది?"

"ఏ ఆమె?"

"ఢిల్లీ ఆమె."

చాచా నా మొహం ఒకసారి చూసి తల దించుకున్నాడు. "తాళాలు తీసుకున్నది ఆమెనే, బిడ్డా."

ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. నాకు మొదట కలిగింది సంతోషం. అయింది, ఇక ఆ కాగితాల స్నేహం అయింది అనుకున్నాను. చాచా చెప్పులు గుమ్మం దగ్గరే మరిచి వట్టి కాళ్ళతో వెళ్ళిపోయాడు. అది చూశాకే నాకు అసలు సంగతి తట్టింది. యంత్రాన్ని దాటించారని తేలితే ఉద్యోగం పోవడంతో ఆగదు, జైలే. మేము ఆ క్వార్టర్ నుంచి ఎక్కడికి పోతాం? ఆ రేకును అద్దం చేసిన చేతికి ఇంకా వంకాయ కారం అంటుకుని ఉంది.

నోటితో చెబితే మొగుణ్ణి కాపాడుకోవడానికి అబద్ధమాడుతోందంటారు. ఏం చూపించాలి? వంటింట్లో అటూ ఇటూ తిరిగాను. నీళ్ళ గట్టు మీద మా అమ్మ ఇచ్చిన ఇత్తడి బిందె కనబడింది. కొన్న రోజున దాని మెడ మీద చుక్కలతో మా అమ్మ పేరు కొట్టించారు. ఎనిమిదేళ్ళు వారం వారం తోమితే అందులో మొదటి అక్షరం, చివరి అక్షరం మిగిలాయి. నీళ్ళు పారబోసి, బిందె చంకన పెట్టుకుని, చిన్నవాణ్ణి పక్కింట్లో వదిలి గెస్ట్ హౌస్‌కి నడిచాను.

ఆవిడ వరండాలో ఒక్కతే కూర్చుని రాసుకుంటోంది. నా వయసే. సాదా నూలు చీర, వేలికి సిరా. విశాఖ వైపు మాట.

"ఎవరండి మీరు?"

"స్టోర్స్ ఆఫీసర్ గారి భార్యని."

"చూడండి, ఆయన తరఫున ఇప్పుడు ఎవరు మాట్లాడినా..."

"ఆయన తరఫున రాలేదు." బిందె ఆవిడ బల్ల మీద, కాగితాల మీదే పెట్టాను. "దీని మీద ఏం రాసుందో చదవండి."

ఆవిడ బిందెను వెలుతురుకు తిప్పింది. "రెండక్షరాలు ఉన్నాయి. మధ్యలో అరిగిపోయింది."

"మా అమ్మ పేరు. అరగదీసింది నేనే. ఆ రేకునూ నేనే. ప్రతి దసరాకూ చింతపండు, ఇటుక పొడి."

ఆవిడ బిందె మెడ మీద అరిగిన చోటును వేలితో తడిమింది. "మీరేం చదివారు?"

"బీఎస్సీ. కెమిస్ట్రీ."

"నేనూ అదే. అయితే పులుపుతో ఇత్తడి పైపొర లేస్తుందనీ, పొడి దాన్ని గీకేస్తుందనీ మీకు తెలుసు."

"తెలుసు."

"తెలిసే రుద్దారా?"

వరండా ఎదురుగా ఉన్న కాలువ మీద కొంగలను చూస్తూ నిలబడ్డాను. చివరికి చెప్పాను. మణికట్టు సంగతి, గీత పడొద్దన్న మాట, అన్నీ. ఆవిడ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. కలం మూత పెట్టింది.

"ఇదంతా నేను రాయలేనండి. చింతపండు వరకు రాస్తాను. కింద మీరు సంతకం పెట్టండి. ఈ బిందె వాళ్ళిద్దరికీ చూపించాలి, ఇక్కడే ఉంచండి."

అటెండరు టీ తెచ్చాడు. నా గ్లాసు ముందు పెట్టి, ఆవిడది వేరేగా ఇచ్చాడు. నేను దాని వైపు అలా చూస్తూ ఉండిపోయానేమో, "షుగరండి. ముప్పై దాటకుండానే పట్టుకుంది" అంది ఆవిడ. "మీవారు మొదటి రోజే గమనించి క్యాంటీన్ వాళ్ళకు చెప్పారు. ఆయనకు చెల్లెలు ఉండేదట కదా, ఇదే జబ్బుతో..."

ఉండేది. నేను కాపురానికి రాకముందే పోయింది. ఆమె గురించి ఆయన నాకు చెప్పింది ఆ ఒక్క ముక్కే. ఏ జబ్బో కూడా చెప్పలేదు. ఆవిడకు చెప్పారు. బిందె లేని చంకతో ఇంటికి వస్తుంటే దారి పొడుగునా మళ్ళీ అదే మంట.

తర్వాత ఏం జరిగిందో పొడిగా రాస్తాను. యంత్రం కింద, ఇనుప పొట్టు రాలే పళ్ళెం వెనక, పోత పోసినప్పుడే అచ్చయిన ఇంకో నంబరు ఉందని చాచాకు గుర్తొచ్చింది. చింతపండు చేరని చోటు. ఆ తెల్లవాళ్ళు బిందెను అటూ ఇటూ తిప్పి చూసి, పళ్ళెం విప్పించి, ఆ నంబరును తమ దేశానికి టెలెక్స్ చేశారు. అది దొరసానిదేనని మూడో రోజుకు జవాబు వచ్చింది. మా ఆయనకు తాళాలు తిరిగొచ్చాయి, వాటితో పాటు ఒక మెమో. మరుసటి దసరా నుంచి షెడ్డులోకి ఆడవాళ్ళను రానివ్వలేదు. కాలనీలో ఆడవాళ్ళు నన్ను తిట్టుకోవడం చాలాకాలం నా చెవిన పడుతూనే ఉంది. కొన్నేళ్ళకు ఆ రష్యా దేశమే ముక్కలైంది. ఘోషా టార్పాలిన్‌తో ఇంకేం పని? చాచా దాన్ని ఇంటికి పట్టుకెళ్ళి మిరపకాయలు ఎండబెట్టుకున్నాడు.

కాని బిందె ఇచ్చి వచ్చిన రోజుకు ఇవేవీ తెలియవు. ఆ సాయంత్రం మా ఆయన తాళాల గుత్తి లేకుండా ఇంటికి వచ్చారు. నడుము దగ్గర ఆ చప్పుడు లేకపోతే ఎవరో పరాయి మనిషి నడిచి వచ్చినట్టుంది. చొక్కా కొక్కేనికి తగిలిస్తూ, "చింతపండు ఎంత పెట్టినవ్?" అన్నారు.

"నిమ్మకాయంత."

"నంబర్ పోతే ఏమైతదో నన్నొక్క మాట అడిగితే అయిపోవు గదా."

"అడిగితే చెప్తరా మీరు?"

ఆయన వంటింట్లోకి వెళ్ళారు. ఎవ్వరూ తినని గుత్తి వంకాయ గిన్నె మీద మూత తీసి, చూసి, మళ్ళీ పెట్టేశారు.

మర్నాడు పొద్దున మా పెద్దది ఏడుస్తూ వచ్చింది, ఆరేళ్ళ అమ్మాయి. "అమ్మా, నాన్న మిషిన్ అమ్ముకున్నడంట గద. పక్కింటక్క అన్నది."

పిల్లలిద్దరినీ నీళ్ళ గట్టు మీద, బిందె ఉండే చోట కూర్చోబెట్టాను.

"నాన్న ఏమీ అమ్ముకోలే. మిషిన్ అక్కడ్నే ఉంది. దాని నంబర్ చెరిపింది నేను. ఎవరడిగినా, మా అమ్మ చెరిపింది అని గట్టిగ చెప్పుండ్రి."

"ఎందుకు చెరిపినవ్?"

"దాన్ని చూస్తే నాకు కుళ్ళు."

అది కళ్ళు తుడుచుకుని నన్ను వింతగా చూసింది. "మిషిన్‌ను చూస్తేనా?"

"అవ్ బిడ్డా" అన్నాను. "మిషిన్‌ను చూస్తేనే."