పోర్టు వైపు కన్నం

ఇరవై మూడేళ్ల వయసులో నాకు తెలిసినన్ని సంగతులు ఇప్పుడు తెలియవు. అప్పుడు ఎవరేం చెప్పినా సగంలోనే అందుకుని మిగతా సగం నేనే పూర్తి చేసేదాన్ని. ముఖ్యంగా డ్రాయింగుల విషయంలో నా అంతటిది ఈ విశాఖపట్నంలో లేదని గట్టి నమ్మకం. (ఆ నమ్మకం నాకు తప్ప ఇంకెవరికీ లేకపోవడం వాళ్ల దురదృష్టం అనుకునేదాన్ని.) మాది యారాడ. రోజూ కొండ దిగడానికి ఒక బస్సు, గోపాలపట్నం చేరడానికి ఇంకో రెండు బస్సులు మారి, ఇనుప కట్టడాలకు డ్రాయింగులు గీసే ఒక చిన్న ఆఫీసుకు వెళ్లేదాన్ని. పేరుకు డ్రాఫ్ట్స్‌మన్ ఉద్యోగం. చేసే పని మాత్రం ఎప్పటివో చిరిగిపోయిన బ్లూప్రింట్లు చూసి ఉన్నది ఉన్నట్టు కంప్యూటర్‌లోకి ఎక్కించడం. కొత్తగా గీసేవాళ్లంతా కిటికీ పక్కన పెద్ద టేబుళ్ల దగ్గర కూర్చునేవాళ్లు. నాకు గోడ పక్కన, వాటర్ ఫిల్టరుకు ఆనుకుని ఒక కుర్చీ. ఎనిమిది నెలల పాటు ఆఫీసులో ఎవరికి ఎన్ని గ్లాసుల దాహమో నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

మా పెద్దసారును అందరం చాటుగా మిల్లీమీటరుగారు అనేవాళ్లం. గీత అర మిల్లీమీటరు పక్కకు జరిగినా దూరం నుంచే పసిగట్టేవారు. నవ్వగా ఎవరూ చూడలేదు. ఒకసారి ఏదో కాగితం మీద సంతకం కోసం సీతమ్మధారలో వాళ్లింటికి వెళితే, హాల్లో నిలువెత్తు స్పీకర్లు రెండు పాడుతున్నాయి. అంతవరకు నేను విన్న సంగీతమంతా ఫోన్లోంచి, లేకపోతే బస్సులోంచి. అక్కడ వయొలిన్ మీద కమాను రాసుకోవడం కూడా వినిపిస్తోంది. బాగున్నాయని చెప్పి ఊరుకుంటే ఈ కథ లేదు. ఇలాంటివి ఇంట్లో కూడా తయారు చేసుకోవచ్చు సార్, నేను చేయగలను అన్నాను. ఎవరో వీడియోలో చేస్తుంటే అంతకు ముందు వారమే చూశాను, అదీ నా అనుభవం.

సారు కళ్లద్దాల మీద నుంచి చూశారు. "చెయ్యి. డ్రాయింగు నీది అవ్వాలి. తెచ్చి నా వాటి పక్కన పెట్టు. వాటితో సమానంగా నిలబడితే కిటికీ పక్క టేబులు నీది. నిలబడకపోతే ఇంకో ఏడాది ఆ కాపీ పని గురించి నా దగ్గర గొణగకూడదు" అన్నారు. నేను గొణుగుతున్నట్టు ఆయన దాకా వెళ్లిందని అప్పుడే తెలిసింది. ఆ టేబులు కోసం నేను ఏమైనా చేసేలా ఉన్నాను. మూడు బస్సులెక్కి వాటర్ ఫిల్టరు పక్కన కూర్చోవడానికా మా అమ్మ చేపల బుట్ట మోసి నన్ను డిప్లొమా చదివించింది?

వెతగ్గా వెతగ్గా గోదావరి వైపు ఒక రిటైర్డ్ ఫిజిక్సు లెక్చరరు దొరికారు. స్పీకర్లు సొంతంగా డిజైను చేసి, లోపలి సరంజామా అంతా ఒక అట్టపెట్టెలో సర్ది పంపిస్తారు. శబ్దం పుట్టించే గుండ్రాలు రెండు పెద్దవి, రెండు చిన్నవి, సన్నటి శబ్దాన్ని బొద్దు శబ్దాన్ని విడదీసే తీగచుట్టలున్న పలకలు. దీన్నే కిట్టు అంటారు. చెక్కపెట్టె మాత్రం మనమే చేయించుకోవాలి. నేను ఆయనకు కిట్టు మాస్టారు అని పేరు పెట్టుకుని రోజూ ఫోను చేసేదాన్ని. కిట్టు లేకుండా నాకు ఆదివారాలు గడవడం లేదు సార్, కిట్టు కోసమే చూస్తున్నాను సార్ అంటుంటే, వంటగదిలో మా అమ్మ వింటోంది. నాలుగో రోజున అన్నం పెడుతూ, ఆ కిట్టుగాడు ఏ ఊరోడు, ఏటి సేత్తాడు అని మెల్లగా అడిగింది. కొరియర్ కుర్రాడు అట్టపెట్టె తెచ్చి ఇచ్చేదాకా ఆవిడ నన్ను నమ్మలేదు. ఇచ్చాక కొంచెం నిరాశపడినట్టు కూడా కనిపించింది.

పెట్టె చేయడానికి మా మావయ్య ఉండనే ఉన్నాడు. అమ్మకు తమ్ముడు, పడవల మేస్త్రి. యారాడ తీరంలో ఆయన చేతి మీదుగా సముద్రంలోకి దిగిన పడవలు ఎన్నో. జీవితంలో ఒక్క డ్రాయింగు చూసి పని చేసినవాడు కాదు. కంటితో చూసి, జానతో కొలిచి, చెవి వెనక పెన్సిల్ తీసి ఒక గీత గీస్తే అదే కొలత. అలాంటి మనిషికి నేను ఏడు కాగితాల డ్రాయింగు గీసిచ్చాను. ప్రతి కొలతా చుక్క తర్వాత రెండు అంకెల దాకా. ఆయన సౌకర్యం కోసం మాటలన్నీ తెలుగులోనే రాశాను. ముందు వైపు, పై వైపు, పక్క వైపు. వెనక పలకకు గుండ్రంగా కన్నం ఒకటి ఉంటుంది, దాంట్లో గొట్టం బిగిస్తారు, ఆ గొట్టంలోంచి గాలి ఆడితే బొద్దు శబ్దం లోతుగా వస్తుంది. ఆ కన్నాన్ని పోర్టు అంటారు. అందుకని వెనక పలక మీద పోర్టు వైపు అని చక్కగా రాసి, కింద గీత కూడా గీశాను. ఏవైనా అనుమానాలుంటే అడగమన్నాను. మావయ్య ఏడు కాగితాలూ తిప్పి చూసి, అనుమానాలేటీ లేవన్నాడు.

పరీక్ష ఆదివారం ఉదయం. శనివారం మధ్యాహ్నం పెట్టెలు తీసుకోవడానికి వెళ్లాను. అంచులు వేలికి తగలడం లేదు, అతుకు ఎక్కడో కళ్లకు కనబడటం లేదు. మురిసిపోతూ వెనక్కి తిప్పాను. కన్నం లేదు. కన్నం ఉండాల్సిన చోట అంతే గుండ్రంగా చెక్క బిరడా, దాని చుట్టూ పత్తి దట్టించి, పైన పడవకు పూసినట్టే రెజిన్ పూసి, నున్నగా సానపట్టి ఉంది. రెండో పెట్టె చూశాను. దానికీ అంతే. లోపలికి చెయ్యి పెట్టి తడిమాను, లోపల కూడా పూత.

నేను ఏడుపు గొంతుతో, మావయ్యా, కన్నమేదీ అన్నాను.

"గీసినావు గాబట్టి కోసినాను. కోసినాను గాబట్టి మూసినాను" అన్నాడు మావయ్య, బీడీ ఆర్పుతూ. "పోర్టు వైపని నువ్వే రాసినావు కదేటే గుంటా. పోర్టు వైపంటే నీళ్ల వైపు. నీళ్ల వైపు కన్నం ఎవుడైనా ఒగ్గేత్తాడేటి?"

మా ఇంటి అరుగు మీద నిలబడి పోర్టు వైపు అంటే కొండకు అవతల, ఓడలు వచ్చే వైపు అని ఊరంతటికీ తెలుసు. మేం పుట్టినప్పటి నుంచి ఆ మాటకు అదే అర్థం. నేను చిన్నప్పుడు ఆ అర్థంలోనే వాడాను. ఉద్యోగంలో చేరాక మర్చిపోయాను. మావయ్యేమో, గుంట ఆ పెట్టెను ఉప్పుగాలి కొట్టే వైపుకు తిప్పి పెట్టుకుంటుంది కాబోలు, కన్నం తెలియక గీసింది, పోనీ పాపం చిన్నపిల్ల అని దిద్ది పెట్టాడు. బిరడా తవ్వేద్దామంటే పలకే పగుల్తాదన్నాడు. అది ఆయన చేసిన అతుకు, ఊడదు. కిట్టు మాస్టారుకు ఫోను చేస్తే ఎత్తలేదు. నా ఏడాది మొత్తం ఆ రెండు బిరడాల కింద సమాధి అయిపోయిందనుకుని, వేరే దారి లేక గుండ్రాలు బిగించి తీగలు అతికాను. నా జన్మలో అంత దిగులుగా స్క్రూలు తిప్పలేదు.

ఆదివారం ఉదయం పెట్టెలకు దెబ్బ తగలకుండా మావయ్య పాత వలలు చుట్టాడు. తను చేసిన వస్తువును ఆటోవాడి చేతికి వదలనని తనూ ఎక్కాడు. సీతమ్మధారలో సారు హాల్లో ఆ వలలు విప్పేసరికి గదంతా ఎండుచేపల వాసన. మేడంగారు వెళ్లి ఫ్యాను స్పీడు పెంచి వచ్చారు. మావయ్య సోఫా చివర అంచు మీద కూర్చున్నాడు. నేను బిరడాలు ఎవరికీ కనబడకుండా పెట్టెలను గోడకు ఆనించేశాను. వెనక కన్నాలున్న సారు స్పీకర్లు కూడా ఆ గోడకే ఆనుకుని ఉన్నాయి, ఆ హాల్లో ఇంకెక్కడా జాగా లేదు.

సారు అన్నిట్లోనూ పద్ధతి మనిషి కదా, మేడంగారిని స్పీకర్లకు వీపు పెట్టి కూర్చోమన్నారు. ఏది ఎప్పుడు మోగుతుందో చెప్పరు. ఏది బాగుందో ఆవిడ చెప్పాలి. ఆవిడది శ్రీకాకుళం వైపు పల్లెటూరు. వినిపించడానికి ఆవిడ ఊళ్లో ఎవరో పట్టిన తప్పెటగుళ్ల రికార్డింగు తీశారు. గుండెల మీద రేకు తప్పెట్లు కట్టుకుని గుంపుగా వాయిస్తూ గెంతుతారే, అది. ముందు ఒక జత మోగింది. తర్వాత రెండోది. నాకు చెవులు పని చేయడం మానేశాయి. మావయ్య మోకాలి మీద వేళ్లతో తాళం వేస్తుండటం మాత్రమే కనిపిస్తోంది.

"రెండోదేనండి" అన్నారు మేడంగారు, వెనక్కి తిరక్కుండానే. "మొదటిదాన్లో దెబ్బలన్నీ కలిసిపోయి ఒకటే గుంయ్యిమంటంది. రెండోదాన్లో ఎవరి దెబ్బ వాళ్లదే. ఎంత మందున్నారో కూడా చెప్పీగలను."

రెండోది మాది. సారు నమ్మలేదు. వరస మార్చి పెట్టారు. మళ్లీ మాదే. చెప్పకుండా ఒకే జతను రెండుసార్లు వినిపిస్తే, రెండూ ఒకటే కదండీ, నన్నేమైనా ఆటపట్టిస్తున్నారా అన్నారావిడ. నాకు ఒళ్లంతా గాలి నిండినట్టయింది. ఆ క్షణంలో కిటికీ పక్క టేబులు, దాని మీద నా టీ కప్పు, నా మోచెయ్యి, అన్నీ కళ్ల ముందు కనిపించాయి.

అప్పుడు సారు వంగి నా పెట్టెల వెనక చెయ్యి పెట్టి తడిమారు. డ్రాయింగు నకలు ఒకటి ఆయనకు ముందే ఇచ్చి ఉన్నాను. పోర్టు ఏదమ్మా, మూసేశావే అని అడిగారు. ఇక్కడే నేను చేసిన ఘనకార్యం చెప్పాలి. ఊరుకోవచ్చు, నిజం చెప్పొచ్చు. నేను గొంతు సవరించుకుని, గది విస్తీర్ణాన్ని, గోడ దూరాన్ని, గాలి పీడనాన్ని దృష్టిలో ఉంచుకుని, చివరి దశలో డిజైనులో ఒక కీలకమైన మార్పు చేయాలని నిర్ణయించాను సార్ అని మొదలుపెట్టాను. ఉపన్యాసం బాగానే సాగుతోంది. (ఆశ్చర్యమేమిటంటే అందులో చాలా మటుకు నిజమేనట. చిన్న గదిలో గోడకు ఆనించిన పెట్టెకు వెనక కన్నం ఉంటే శబ్దం బురద బురదగా వస్తుందని, మూసేస్తే దెబ్బ స్పష్టంగా ఉంటుందని ఆ సాయంత్రం కిట్టు మాస్టారు ఫోన్లో చెప్పారు.)

"నానే మూసినాను బాబూ" అన్నాడు మావయ్య సోఫా అంచు మీద నుంచి. "ఈ గుంట నిన్న కన్నం లేదని ఏడిసింది. పోర్టు వైపని రాసింది, నీళ్లొత్తాయని మూసినాను. తప్పైతే సెప్పండి."

నేను నేల వైపు చూశాను. గ్రానైటు చాలా నున్నగా ఉంది, దూరడానికి చోటు లేదు. సారు లోపలికి వెళ్లి నా డ్రాయింగు కాగితం తెచ్చుకుని, పోర్టు వైపు అన్నచోట వేలు పెట్టి, మావయ్య ముఖం చూసి, మళ్లీ కాగితం చూసి, ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టారు. అలా ఇలా కాదు, కళ్లద్దాలు తీసి తుడుచుకునేంత. మేడంగారు కంగారుగా మంచినీళ్లు తెచ్చారు.

నవ్వు తగ్గాక నా వైపు తిరిగారు. "ఆయన తప్పు చదవలేదు. నువ్వు ఆయనకు అర్థమయ్యేలా గీయలేదు. డ్రాయింగు చేసేవాడి కోసం గీస్తారు, గీసేవాడి కోసం కాదు." నా టేబులు పోయిందనుకున్నాను. "పెట్టెలు మాత్రం నా వాటిని ఓడించాయి. మాట మాటే. రేపు కిటికీ పక్కకు మారు. మొట్టమొదట ఈ డ్రాయింగే మళ్లీ గియ్యి. నిన్ను ఒక్క ప్రశ్న అడక్కుండా మీ మావయ్య చేయగలిగేలా ఉండాలి" అన్నారు. నేను అక్కడే, అంతమంది ముందు, ఏడ్చేశాను. ఈసారి సంతోషంతోనే. మావయ్యేమో, ఇదేటి, నిన్న లేదని ఏడిసి నేడు ఉందని ఏడుత్తందని మేడంగారికి ఫిర్యాదు చేశాడు.

ఆ ఒక్క పెట్టె గీయడానికి కొత్త టేబులు మీద నాకు మూడు వారాలు పట్టింది. ఏడు కాగితాలు పోయి ఒక్క కాగితం మిగిలింది. కిట్టు మాస్టారుకు పంపితే, ఇక నుంచి చిన్న గదుల వాళ్లకు పంపే ప్రతి అట్టపెట్టెలోనూ ఇదే పెడతానన్నారు. అప్పుడు సారు, కాగితం అడుగున గీసినవారు అన్న గడిలో నా సంతకం చేయించి, సరిచూసినవారు అన్న గడి ఖాళీగా ఉంచి, మీ మావయ్యను పిలువు అన్నారు. మావయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని గోపాలపట్నం వచ్చాడు. ఆఫీసంతా చుట్టూ నిలబడి చూస్తుండగా ప్రతి గీత మీదా వేలు పోనిచ్చి, ఒకచోట ఆగి, ఇది తలకిందులుగా పట్టుకుంటే ఎలా తెలుత్తాదన్నాడు. నిజమే, పై వైపు ఏదో నేను రాయలేదు. సారు కూడా చూడలేదు. అక్కడికక్కడే రాశాను. అప్పుడు గానీ మావయ్య చెవి వెనక పెన్సిల్ తీయలేదు. పెన్ను ఇస్తామంటే వద్దని, దాంతోనే కూడబలుక్కుంటూ పేరంతా రాశాడు.

ఇప్పుడు ఆ ఆఫీసులో సరిచూసే గడిలో సంతకం నాదే. కొత్తగా చేరిన పిల్లలు గది విస్తీర్ణం, గాలి పీడనం అని మొదలుపెడితే ఆపబుద్ధి కాదు, చివరిదాకా విని నవ్వుకుంటాను. ఆ పాత కాగితం నకలు టేబులు అద్దం కింద ఉంది. గీసినవారుగా నేను పైన, సరిచూసినవారుగా మావయ్య కింద. కొలతలన్నీ ఇప్పటికీ సరిగ్గానే ఉన్నాయి. మళ్లీ గీయమంటే ఆ రెండు పేర్ల వరస ఒక్కటి మారుస్తాను.