ఆబోతు లేని ఊరి మీదుగా కుప్పం దాకా

1946 ఫిబ్రవరి 11, సోమవారం. మదనపల్లె బస్టాండులో హాజరైనవారు: కమిటీ అధ్యక్షులు వెంకటప్పనాయుడు గారు, పశువైద్యులు సుందరం గారు, రెవెన్యూలో పనిచేసి విరమించిన నేను. యుద్ధం ముగిసింది కనుక దేశమంతటికీ అభివృద్ధి ప్రణాళిక తయారవుతోంది. అందులో మా ప్రాంతానికి వచ్చిన పని, పాడి పెంచడం. అందుకు వేసిందే ఈ కమిటీ.

ఏడింటికి కదలవలసిన, పెట్రోలు దొరక్క బొగ్గు మీద నడిచే బస్సు ఎనిమిదిన్నరకు కదిలి, మొదటి ఎత్తు దగ్గరే ఆగింది. "దిగి తొయ్యండప్పా, పెద్దమనుషులు కూడా" అన్నాడు కండక్టరు. చింతపండు బుట్ట పట్టుకున్న ముసలాయన మమ్మల్ని చూసి, "ప్లానోళ్లు ఉండారు గదా, అంతా దిగుడుగా ఒక రోడ్డు గీసియ్యమను" అన్నాడు. అందరూ నవ్వారు. మేమూ తోశాం.

పుంగనూరులో సంకటి, పప్పు తిని, పలమనేరు దారిలో ఒక పల్లెలో దిగాం. అక్కడి ఆవులు మనిషి నడుము ఎత్తు దాటవు. ఎండు మేతతోనే బతికి ఇంటికి చాలినన్ని పాలిస్తాయి. ఊరికి ఒకటే ఆబోతు. అది ఎవరి సొత్తూ కాదు, రోజుకొక ఇంటివారు మేత వేస్తారు. ఆనాటి వంతు నాగమ్మది.

పొట్టి ఆబోతులు ఇక దూడలు పుట్టించకుండా ముందు వాటి విత్తులు నొక్కించాలి, తర్వాత సర్కారు పెద్దజాతి ఆబోతును పంపుతుంది. ప్రణాళికలో ఉన్న వరుస అది.

"ముందు పెద్దదాన్ని తోలుకోని రాండప్పా, దీని సంగతి ఆపైన సూద్దాం" అంది నాగమ్మ. "మా ఆవు రేపో మాపో ఎదకొస్తాది. ఈ కరువు మేతకు ఏటికొకసారి రావడమే ఎక్కువ. ఈ ఎద తప్పితే మా కోడలి బిడ్డకు పాలు యాడివి?"

"ఆ ఏనుగెక్కితే మన ఆవు బతుకుతాదా అత్తా?" అని ఎవరో వెనకనుంచి అన్నారు.

"ఇది ఒక్క ఊరి పని కాదమ్మా, దేశం పని. పెద్దది కుప్పంలో సిద్ధంగా ఉండాది. ఎల్లుండికి వస్తాది" అన్నారు అధ్యక్షులు. సుందరం గారు పటకారు తీశారు. పని అయ్యాక ఆబోతు లేచి, నాగమ్మ వేసిన మేత ముట్టకుండా నిలబడింది.

పొద్దుగూకే వేళకు కుప్పం చేరాం. అక్కడి పశువుల కొట్టంలో గడ్డివాము తప్ప ఏమీ లేదు.

"ఆబోతులా సార్? కాగితం మీద ఉండాయి. శాంక్షనైతే వచ్చే ఏడు కొంటారు" అన్నాడు కాపలాదారు.

పెద్దపంజాణి మొదలైన మిగిలిన ఊళ్లలోనైనా పని ఆపుదామన్నాను. "కార్యక్రమం జిల్లాకు పంపేశాం. ఇప్పుడెట్లా ఆపుతాం?" అన్నారు అధ్యక్షులు. ప్రయాణికుల బంగళాలో అన్నం పెట్టారు కానీ ఎవరమూ సరిగా తినలేదు.

మరునాడు తెల్లవారుజామునే తిరుగు బస్సెక్కాం. కొత్త ఇల్లు లేచేదాకా పాత కప్పు ఎవరూ పీకరు. ఇంత పెద్ద ప్రణాళిక రాసినవారిలో ఒక్కరికీ అది తోచలేదే అని దారంతా బాధపడ్డాను.

పుంగనూరు ఇంకా కొంత దూరం ఉండగా, ఆ పల్లె దగ్గరే బస్సు బొగ్గు కోసం ఆగింది. ఎదురుగా నాగమ్మ, పలుపు పట్టుకుని. ఎదకొచ్చిన ఆవు ఆగకుండా అరుస్తోంది.

"పెద్దది వచ్చిండాదా సామీ?"

"లేదమ్మా. ఈ ఏడు రాదు" అన్నాను.

ఆమె తిట్టలేదు. "పెద్దపంజాణికి మీరు ఎప్పుడు పోతారు?" అని అడిగింది.

"గురువారం."

"ఐతే ఆడి ఆబోతు ఇంకా పనికొస్తాది" అని, ఆవును అదిలించి, వెనక్కి చూడకుండా పెద్దపంజాణి దారిన దాదాపు పరుగెత్తింది.