ఒకే మందలో తోలిన వార్తలు

రాష్ట్రం కొత్తగా వచ్చిన ఆ కాలంలో నాకు తెలివి తక్కువా, సిగ్గు తక్కువా అంటే ఇప్పటికీ తేల్చి చెప్పలేను. తెలివి ఉండాల్సిన చోట ధైర్యం వచ్చేది, ధైర్యం కావాల్సిన చోట మాత్రం నోరు పడిపోయేది. మా ఆయన పోయి అప్పటికి ఏడాదిన్నర. నల్లగొండలో ఒక మేడ మీద రెండు గదుల ఆఫీసులో ఊడ్చి చాయ్ పెట్టే పని దొరికింది. (నేను చెబుతుంటే మా బిడ్డ రాస్తోంది. "అమ్మా, అటెండరని రాయాల్నా?" అని అడుగుతోంది. పట్టింది చీపురే కాబట్టి ఊడ్చేదాన్ననే రాయమన్నాను.) డబ్బు కట్టినవాళ్లు చూడమన్న పేర్లు పేపర్లలో ఎక్కడ పడ్డాయో చూసి వాళ్లకు కబురు పంపడమే ఆ ఆఫీసు పని. మొదట్లో కత్తెరతో ముక్కలు కత్తిరించి అట్టల మీద అంటించేవాళ్లం. మూడో తరగతితో బడి మానేసినదాన్ని, పేరు మొత్తం చదవలేకపోయినా దాని వాలకం చూసి ఇది ఫలానా సారుదని పట్టేసేదాన్ని. తర్వాత కంప్యూటర్ వచ్చింది, దాన్ని నడపడానికి ఒక అమ్మాయి వచ్చింది. నేను ఆమెను చిన్నమేడం అనేదాన్ని. ఆమె నన్ను అక్కా అనేది.

కంప్యూటర్‌తో వచ్చిన తంటా ఏమిటంటే, ఎక్కడ పేరు పడితే అక్కడికక్కడే ఒక మెయిల్ దానంతటదే పోయేది. పేరు పది చోట్ల పడితే పది మెయిళ్లు. మాకున్న తొమ్మిది మంది ఖాతాదారుల్లో కాలేజీ నడిపే సారు ఒకాయన ఉండేవాడు. ఒకరోజు ఆయన ఫోన్ చేసి అరిస్తే గది బయట ఉన్న నాకు కూడా వినబడింది. "ఏందయ్యా ఇది! అన్నం తింటాంటే మోగుతది, పూజల కూసుంటే మోగుతది. అన్ని మూటగట్టి పొద్దుగాల ఒక్కపారి పంపుండ్రి, లేకుంటే బందు పెట్టుండ్రి!" మా పెద్దసారు చిన్నమేడాన్ని పిలిచి, ఒక్కో ఖాతాదారుకు రోజు మొత్తం వార్తలన్నీ కలిపి పొద్దున ఎనిమిదింటికి ఒక్క మెయిలే పోయేలా చెయ్యమన్నాడు.

పాపం, ఆ వారమే ఆలేరులో ఆ అమ్మాయి పెళ్లి. తీరిక దొరికినప్పుడల్లా ఆమె నాకు మౌస్ పట్టడం నేర్పింది, నాకూ కాస్త గర్వం తలకెక్కి ఉంది. సెలవు మీద పోతూ పెద్దసారుకు తెలియకుండా ఆ పని నాకు ఒప్పజెప్పింది. "అక్కా, ఒక్కల పేరు తెరువు. వాళ్ల కింద ఉన్న పెట్టెలల్ల టిక్కులు కొట్టు, కలుపు అను. మళ్ల రెండో మనిషి. గిట్ల తొమ్మిదిసార్లు, అంతే. ఒకల్లది ఒకల్ల దాంట్ల కలుపకు, జర పైలం." నేను "పో బిడ్డా, ఫికర్ జెయ్యకు, పందిట్ల నవ్వుకుంట కూసో" అన్నాను.

ఆమె అటు పోగానే కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఇంగ్లీషు అక్షరం రాదు, పెట్టెలు మాత్రం తెలుసు. తొమ్మిది మంది పేర్లకూ పైన ఒక పెట్టె ఉంది. దాన్ని కొడితే కిందివన్నీ ఒక్కసారే టిక్కయ్యాయి! తొమ్మిదిసార్లు చేసే పని ఒక్క దెబ్బతో అయిపోతుంటే ఎవరు మాత్రం ఊరుకుంటారు? మా పుట్టిల్లు తిరుమలగిరి దగ్గర, గొర్రెలు కాసే ఇల్లు. ఎండాకాలం దూరం మేతకు పోయేటప్పుడు నాలుగిళ్ల గొర్రెలను కలిపి ఒకే మందగా తోలుకుపోతారు. వీపు మీద ఒకరిది ఎర్ర రంగు, ఒకరిది నీలం. తిరిగొచ్చాక ఎవరివి వాళ్లు ఏరుకుంటారు, ఒక్కటి కూడా మారదు. వార్తలకు పేర్లే రంగులు కదా, ఎవరిది వాళ్లు ఏరుకోరా అనుకున్నాను. కలుపు అని నొక్కి, చేతులు దులుపుకుని చాయ్ తాగాను.

తెల్లారి ఎనిమిదింటికి తొమ్మిది మంది వార్తలు తొమ్మిది మందికీ పోయాయి. అంతవరకే అయితే ఎలాగో సర్దుకునేవాళ్లు. ప్రతి వార్త మీదా అది ఎవరు అడిగారో, ఎవరి మీద కన్నేసి ఉంచమన్నారో కూడా ఉంటుందట! కాలేజీ సారు సొంత బామ్మర్ది కూడా మా ఖాతాదారే, అదే ఊళ్లో ఇంకో కాలేజీ నడుపుతున్నాడు. బావ తన పేరుతో పాటు బామ్మర్ది పేరు కూడా ఇచ్చాడు, బామ్మర్ది బావ పేరు ఇచ్చాడు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. పది గంటలకు ఇద్దరూ ఒకేసారి మెట్లెక్కి వచ్చారు.

"నా కాలేజీల ఎంతమంది ఫెయిలైన్రో నీకెందుకు బావా?"

"నా హాస్టల్ల కూరల పురుగొచ్చిన ముచ్చట నీకెందుకురా? పండుగ నాడు నా ఇంట్ల తిన్నప్పుడు మంచిగనే ఉండె గదా కూర!"

"అది మా అక్క వండింది, నీ హాస్టలోడు కాదు!"

నేను చాయ్ పట్టుకుపోతే ఇద్దరూ కొట్లాట ఆపకుండానే తాగారు. బామ్మర్ది చక్కెర తక్కువైందని కూడా అన్నాడు.

పెద్దసారు కబురు పెడితే, పెళ్లయిన మర్నాడే కొత్త పెళ్లికూతురు పారాణి కాళ్లతో ఉరికొచ్చింది. కంప్యూటర్ చూడగానే ఆమెకు అంతా అర్థమైంది. నా వైపు తిరిగి కూడా చూడలేదు. "తప్పు నాదే సార్, పెళ్లి తొందరల సరిగ చూస్కోలే" అంది. సారు "రేపటి నుంచి రాకమ్మా" అన్నాడు. నేను గుమ్మం దగ్గరే ట్రే పట్టుకుని నిలబడి ఉన్నాను. ఈ పని పోతే బిడ్డను తీసుకుని మళ్లీ వదిన చేతి కిందికి పోవాలని భయపడ్డాను. ఖాళీ గ్లాసులు ట్రేలో పెట్టుకుని కడగడానికి పోయాను. మర్నాడు ఆమె తన టిఫిన్ డబ్బా, దువ్వెన తీసుకుపోవడానికి వస్తే, అప్పుడు కూడా తల దించుకునే చీపురు తిప్పాను. ఆమే నా దగ్గరికొచ్చింది. "అక్కా, నువ్వేం చెప్పకు. నాకు మా ఆయన ఉన్నడు. నీకెవరున్నరు?"

ఆ మాటకు ఇక ఆగలేక చీపురు పడేసి సారు గదిలోకి పోయాను. "సార్, ఆ పిల్లది తప్పు లేదు. కలిపింది నేను."

సారు నవ్వాడు. "నువ్వా? మౌస్ పట్టుకుంటే అది నీ చేతిలకెల్లి ఉరుకుతది. ఆ పిల్ల మీద ప్రేమతోని నెత్తిన ఏసుకుంటున్నవ్. పో, పోయి చాయ్ పెట్టు."

మళ్లీ బతిమాలాననుకునేరు. పోయాను. నిజంగానే పోయి పొయ్యి మీద నీళ్లు పెట్టాను. చెప్పాల్సింది చెప్పాను, నమ్మకపోతే నా తప్పేముంది, బతికిపోయాను అనుకున్నాను. నీళ్లు కాగేదాకా అలాగే నిలబడ్డాను. పక్క గదిలో ఆ అమ్మాయి డబ్బా సంచిలో పెట్టుకుంటున్న చప్పుడు వినబడుతోంది. అప్పుడు పొయ్యి ఆపి, మళ్లీ పోయి, లెమ్మనకుండానే సారు పక్క నుంచి చెయ్యి చాపి మౌస్ పట్టుకున్నాను. "గిట్ల సార్. ఈ పై పెట్టె కొట్టిన. గిట్ల కలుపు అన్న. ఇగో, ఈ పంపు అన్నది మాత్రం నేను ఒత్తలే, పొద్దుగాల దానంతటదే పోయింది." చూపించడం కాస్తా నిజంగానే నొక్కేశాను! అర నిమిషంలో సారు రెండు ఫోన్లూ మోగాయి. ఒక దాంట్లో బావ, ఇంకో దాంట్లో బామ్మర్ది. సారు రెండు చెవులూ మూసుకుని, "నమ్మినమ్మా, నమ్మిన! ముందు ఆ మౌస్ ఇడిసిపెట్టు!" అన్నాడు.

ఆ అమ్మాయి ఉద్యోగం నిలిచింది. నన్ను కూడా ఉంచారు, కంప్యూటర్ కనబడే దూరంలో ఊడ్వకూడదన్న షరతు మీద. బావా బామ్మర్దులు ఇద్దరూ కలిసి మమ్మల్ని తిట్టుకుంటూ మళ్లీ ఒకటయ్యారని విన్నాను. ఈ ముచ్చట ఎంతమందికి చెప్పినా రెండోసారి నొక్కిన దగ్గర పొట్ట పట్టుకుని నవ్వుతారు, నేనూ అక్కడిదాకే చెప్పేదాన్ని. పొయ్యి ముందు నిలబడ్డ సంగతి మా బిడ్డకు కూడా ఇవాళే చెబుతున్నాను, విని రాయడం ఆపి నా ముఖం చూసింది. రాయవే అన్నాను. చాలా ఏళ్లు ఆ పొయ్యి ముందరి మనిషి గుర్తొస్తే ఎక్కడ దాక్కోవాలో తెలిసేది కాదు. ఇప్పుడు కాస్త జాలి కూడా కలుగుతోంది. నీళ్లయితే తెర్లబెట్టింది గానీ, అంత భయంలో చాయ్‌పత్తి వెయ్యడమే మరిచిపోయింది పిచ్చిది.