ఆకు మీద కప్పిన తడి గోనె

ఏడు వేసవులుగా నేనొక మాట మోస్తున్నాను. ఎవరితోనూ అనలేదు. బీడీల కోసం తునికాకు కోత మొదలైందని ఊళ్లో అనుకుంటే చాలు, నాకు అన్నం సహించదు. ఇంట్లోవాళ్లు ఎండదెబ్బ అనుకుంటారు. అనుకోనీ అని ఊరుకుంటాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీతో చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యమే ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు.

నేను ప్రాణహిత అవతలి ఒడ్డు పిల్లను. తెలుగు బడిలో పదో తరగతి దాకా చదివాను. పెళ్లయి ఇటు, మహారాష్ట్ర వైపు, బామ్ని దగ్గరి ఊరికి వచ్చాను. ఈ ఇంట్లో అందరూ మాట్లాడేది తెలుగే, చదువుకున్నది మాత్రం మరాఠీ. ఈ కాగితం ఎవరి చేతికి చిక్కినా చదవలేరు. చూశారా, ఒప్పుకునేటప్పుడు కూడా నా జాగ్రత్త నాకుంది.

సమ్మక్క నా ఆడబిడ్డ. పద్నాలుగో ఏట దానికి షుగర్ బయటపడింది. ఒంట్లో ఇన్సులిన్ తయారు కాని రకం. పొద్దునా సాయంత్రం సూది పడకపోతే బతకదు. తనకు తాను పొడుచుకోవాలంటే దానికి భయం. అందుకని దవాఖానలో నర్సు నాకు నేర్పింది. "నువ్వు పొడిస్తే దోమ కుట్టినట్టే ఉంటది వదినె, మా అన్నను గూడ గిట్లనే కుడుతవా?" అని సమ్మక్క నవ్వేది. అత్త ఊరంతా చెప్పుకునేది, మందు కోడలి చేతిల ఉన్నది, నాకేం రంది లేదని. ఆ మాట వింటుంటే నాకు ఎంత గొప్పగా ఉండేదో! ఆ గొప్పే నా కొంప ముంచింది. నా కొంపనా? కాదు, దాని కొంప.

దాని షుగర్ ఎప్పుడూ ఒకచోట నిలిచేది కాదు. ఒకరోజు నూట ఇరవై, మర్నాడు రెండు వందల యాభై. పెరిగితే ఏం తిన్నావని అందరూ ఆరా తీసేవాళ్లు. తగ్గితే చెమటలు, వణుకు. అప్పుడు ఆలోచించకుండా చక్కెరో బెల్లమో నోట్లో పెట్టాలని నర్సు నా చేత మూడుసార్లు చెప్పించుకుంది. నేను మరిచిపోలేదు. మరిచిపోయి ఉంటే ఇవాళ కొంచెం తేలిగ్గా ఉండేదేమో.

మాకు ఫ్రిజ్ లేదు. చిన్న కుండలో ఇసుక పోసి, తడిపి, నడుమ మందు సీసా పెట్టి, పైన తడి గోనె కప్పి చీకటి మూలలో ఉంచేదాన్ని. ఇంట్లో చల్లగా ఉండే చోటు అదొక్కటే.

ఆ ఏడు ఆకు బాగా వచ్చింది. తెల్లవారుజామున కోసుకొచ్చిన ఆకు కట్టలు కట్టేలోపే ఎండకు ముడుచుకుపోతోంది. ముడుచుకున్న ఆకును, ఆకు కొనే కల్లంలో తీసుకోరు. చల్లటి మూల ఆకుకు కావలసివచ్చింది. మందు కుండను రేకుల వసారాలోకి జరిపాను. దాని మీది తడి గోనె తీసి ఆకు మీద కప్పాను. ఒక్క పూటకే అనుకున్నాను. ఆరు రోజులు అట్లాగే ఉంది. రోజూ ఆ కుండలోంచే సీసా తీసి సూది వేస్తున్నాను, వేలికి ఇసుక వేడిగా తగులుతూనే ఉంది. సాయంత్రం సర్దుదాంలే అనుకునేదాన్ని.

ఐదోనాడు సీసాను అరచేతుల మధ్య దొర్లించాను. ఎప్పుడూ పాలలా కలిసే మందు ఆ రోజు కలవలేదు. తెల్లటి పలుకులు గాజుకు అంటుకుని కనబడ్డాయి. పాడైందని నాకు అర్థమైంది. అర్థం కాలేదని ఇక్కడ రాసుకున్నా నన్ను పట్టుకునేవాళ్లు లేరు. కానీ అర్థమైంది. ఇంకా గట్టిగా దొర్లించి, అదే వేశాను.

ఎందుకు చెప్పలేదు? అత్త ఒక తిట్టు తిట్టేది. మా ఆయన విసుక్కునేవాడు. దవాఖానకు పోయి ఇంకో సీసా తెచ్చుకునేవాళ్లం. అంతే గదా! ఆ ఒక్క తిట్టుకు భయపడ్డానా, లేక మందు కోడలి చేతిలో ఉందన్న ఆ మాట పోతుందనా?

సమ్మక్క చెంబుల కొద్దీ నీళ్లు తాగడం మొదలుపెట్టింది. ఏడోనాడు కూర్చున్నచోటే తూలింది. ఆయన, నేను కలిసి దాన్ని సిరోంచ దవాఖానకు తీసుకుపోయాం. షుగర్ నాలుగు వందలు దాటింది. డాక్టర్ మరాఠీలో ఏదో అడిగితే, నర్సు నా వైపు తిరిగి తెలుగులో అడిగింది.

"మందు చల్లగ పెడుతున్నరా?"

"పెడుతున్నం సిస్టర్."

"మరెందుకు గింత పెరిగింది?"

"ఈమెనే, ఎవ్వలు చూడకుంట మామిడిపండ్లు తింటది. ఎంత చెప్పినా ఇనది."

నా నోట్లోంచి అది ఎంత సులువుగా వచ్చిందో. సమ్మక్క నా ముఖం వంక చూసింది. "నేను తినలే వదినె," అంది. మెల్లగా అంది, నన్ను ఏదో అడుగుతున్నట్టు. నేను గోడ మీది క్యాలెండర్ చూశాను. ఆయన దాని మీద అరిచాడు.

డాక్టర్ తప్పేమీ లేదు. తనకు చెప్పిందే నమ్మాడు. పొద్దున ఇరవై యూనిట్లున్న మందును ముప్ఫై నాలుగు చేశాడు. కొత్త సీసా ఇచ్చాడు. మంచి సీసా, ఐసు ముక్కల మధ్య పెట్టి ఇచ్చారు. దారి పొడుగునా అది నా ఒళ్లో చల్లగా తగులుతూనే ఉంది.

ఆ సాయంత్రమే అత్త బెల్లం డబ్బా పెట్టెలో పెట్టి తాళం వేసింది. కూతురికి అన్నం తగ్గించింది. మర్నాడు పొద్దున గిన్నెడు అంబలి పోసింది, అదీ పలచగా.

నేను సూదిలోకి మందు తీస్తున్నాను. ఆయన కాగితం పట్టుకుని పక్కనే నిలబడ్డాడు. "ముప్ఫై నాలుగు, సరిగ చూడు," అన్నాడు. ఇరవై దగ్గర నా వేలు ఆగింది. చచ్చిన మందుకు పెంచిన లెక్క ఇది, ఇప్పుడున్నది బతికున్న మందు. ఒక్క మాట అంటే చాలు. అనలేదు. నిజంగానే తిన్నదేమోలే అనుకున్నాను. నా అబద్ధాన్ని నేనే నమ్మబోయాను! ముప్ఫై నాలుగూ వేశాను.

పది గంటలకు పందిరి కింద ముగ్గురం ఆకు కడుతున్నాం. సమ్మక్కకు దారం ముడి పడడం లేదు. జాకెట్ చెమటతో తడిసిపోయింది. మే నెల, అందరికీ చెమటే. కానీ దాని వేళ్లు వణుకుతున్నాయి, నేను చూశాను.

"వదినె, జర బెల్లం ముక్క పెట్టు," అంది.

"ఇగో, షురువైంది! దవాఖానకెల్లి వచ్చి దినం గాలే. ఏం పెట్టకు పిల్లా," అంది అత్త.

తాళంచెవి అత్త కొంగున ఉంది. అడగాలంటే ఎందుకో చెప్పాలి. నేను తలవంచి కట్ట కట్టాను. ఇంకోటి కట్టాను. మూడోది కట్టాను. ఏడేళ్లుగా ఆ మూడు కట్టలే కడుతున్నాను. మూడోదానికి ముడి వేస్తుండగా అది ఆకు కుప్ప మీదికి ఒరిగింది. అప్పుడు అరిచాను. తాళం తీసి బెల్లం తెచ్చేసరికి దాని పళ్లు బిగుసుకుపోయాయి.

జీపు దొరికేసరికి మధ్యాహ్నమైంది. మూడోనాడు దవాఖానలో కళ్లు తెరిచింది, కానీ షుగర్ మరీ పడిపోయి మెదడు దెబ్బతిన్నది, పూర్తిగా తిరిగి రాలేదు. మాట ముద్దగా వస్తుంది. ఎడమ చేతికి పట్టు లేదు. ఇప్పుడు దానికి ఇరవై నాలుగేళ్లు, తలకు నూనె నేనే పెడతాను, అన్నం నేనే కలుపుతాను. సూది కూడా నేనే వేస్తాను. నాకంటే బాగా ఎవరు చూసుకుంటారని అత్త ఊరంతా చెబుతుంది.

అంతకంటే ఘోరం ఒకటుంది. పండ్లు తినబట్టే మందు పెంచారని, అందుకే ఇట్లా అయిందని ఎందరో ఎన్నోసార్లు అన్నారు కదా, దానికి ఇప్పుడు తాను తిన్నాననే గుర్తు. సూది వేసేటప్పుడు నా చెయ్యి పట్టుకుంటుంది. "నేను ఆ మామిడిపండ్లు తినకపోతే గిట్ల గాకపోవు గద వదినె. ఇగ తిన," అంటుంది.

ఇవాళ పొద్దున ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం. చెప్పేశాను. "నువ్వు తినలే సమ్మక్కా. మందు నేనే ఖరాబు చేసిన. దవాఖానల అబద్ధం చెప్పిన," అన్నాను. కాళ్లు పట్టుకున్నాను. అది బాగున్న చేత్తో నా తల నిమిరింది.

"నా కోసం నువ్వు అబద్ధం చెప్పకు వదినె. నేనే తిన్న."

అందుకే రాస్తున్నాను. నన్ను క్షమించమని కాదు. ఇంత రాశాక ఊపిరి కొంచెం ఆడుతోంది, అంతవరకే. దాన్ని నమ్మించడం నా వల్ల కాలేదు. మీరైనా నమ్మండి. సమ్మక్క తినలేదు.