సున్నం లేని ఆకు

మాతు చేతి దగ్గు మందంటే ఆ కొండవాలు ఊళ్లన్నిటికీ గురి. కన్నూరు దగ్గర ఎర్రరాతి గనుల ఊళ్లవి, దగ్గు లేని ఇల్లు ఎక్కడుంటుంది? తెల్లారేసరికల్లా చంటిపిల్లల్ని చంకనేసుకుని తల్లులు దిగేవాళ్లు. "మాతేచ్చీ, రాత్రంతా ఒకటే ఖళ్లుఖళ్లు!" అని మొర. అక్కని ఏచ్చి అంటారక్కడ. మాతు పెరట్లో అడ్డసరం ఆకులు కోసి, ఆవిరి మీద వాడ్చి, గుడ్డలో వేసి పిండి, ఆ రసంలో ఇంత తేనే పిప్పలి పొడీ కలిపేది. "మూడు పూటలా నాకించు. ఈలోగా పెరుగు పెట్టావో, మళ్లీ నా గడప తొక్కకు!" అని గదమాయించి పంపేది. పిల్లలకి తగ్గేది. అందుకే ఆవిడకి అంత టెక్కు.

అలాంటిదాని ఇంట్లోనే దగ్గు తిష్ట వేసింది. మొగుడు పొక్కన్ గనిలో రాళ్లు కోసేవాడు. వానాకాలం పోయినా అతని దగ్గు పోలేదు. మనిషి చిక్కి సగమయ్యాడు. మాతు మందు చిక్కగా చేసింది, సగం ఉడికిన గుడ్డులో కలిపి పెట్టింది, పెరుగూ చేపా మాన్పించింది. ఊహూఁ.

పక్కింటి ఉణిచిర చూసి చూసి ఒకరోజు అనేసింది. "కొండమీద క్షయ ఆసుపత్రి ఉందిగా, ఒక్కసారి చూపించరాదుటే?"

"నీ నోటికి ఆ మాట ఎలా వచ్చిందే? ఊరందరికీ తగ్గించినదాన్ని, కట్టుకున్నవాడికి తగ్గించుకోలేనా?"

"చూపిస్తే నీ కిరీటమేమన్నా కిందపడుతుందా?"

మాతు నెలరోజులు ఆమెతో మాట్లాడటం మానేసింది.

ఆ రోజుల్లోనే పొక్కన్‌కి ఆకూ వక్కా అలవాటైంది. అంతకుముందు పెళ్లిళ్లలో ఇచ్చినా పక్కవాడి చేతిలో పెట్టేసే మనిషి!

"ఈ వయసులో ఇదేం కొత్త సోకయ్యా?" అంది మాతు.

"నీ మందు తాగి చూడవే, తెలుస్తుంది. ఆ చేదు ఎలా పోగొట్టుకోను?" అని నవ్వాడు. నోరు ఎర్రగా పండింది. తర్వాత గొంతు సవరించుకుని, "దగ్గు తగ్గుముఖం పట్టిందే. నీ మందు పట్టింది" అన్నాడు.

ఆ ఒక్క మాటకి పొంగిపోయింది పిచ్చిది. ఊళ్లో కనపడ్డవాళ్లందరికీ చెప్పుకుంది. పొక్కన్ మాత్రం దగ్గు వచ్చినప్పుడల్లా కొబ్బరిచెట్టు వెనక్కి వెళ్లి ఉమ్మి వచ్చేవాడు. ఆకు నమిలేవాడి ఉమ్మి ఎర్రగా ఉంటే ఎవరు పట్టించుకుంటారు?

ఒకటే బెంగ ఆమెకి. సున్నం కడుపులో పడితే మందు విరిగిపోతుందని ఆమె నమ్మకం. మానమంటే వినడు. అందుకని ఓ ఉదయం తాంబూలం పెట్టెలోంచి సున్నం డబ్బా తీసి దూలం మీద దాచేసింది. ఉత్త ఆకూ వక్కా నమిలితే నోరు పండదు, రుచీ ఉండదు. సరదా తీరిపోయి తనే మానేస్తాడని లెక్క వేసుకుంది.

సాయంత్రం పొక్కన్ వచ్చి పెట్టె తెరిచాడు. సున్నం కోసం వెతకను కూడా వెతకలేదు. ఆకు మడిచి నోట్లో కుక్కుకున్నాడు. అంతలోనే దగ్గు తెర వచ్చింది. చెట్టు వెనక్కి పరుగెత్తాడు. గంజి పారబొయ్యడానికి వెళ్లిన మాతుకి చెట్టు మొదట్లో ఉమ్మి కనపడింది.

ఎర్రగా ఉంది.

ఇంట్లోకి పరుగెత్తి దూలం మీద చెయ్యి పెట్టింది. డబ్బా పెట్టింది పెట్టినట్టే ఉంది.

"ఏమయ్యా, సున్నం లేకుండా నీ నోరెలా పండింది?"

పొక్కన్ నోట్లో ఆకు తీసి పారేశాడు.

"ఎప్పట్నుంచి?"

"ఓణం పండక్కి ముందు నుంచీ."

"నా దగ్గర దాస్తావా? నా దగ్గరా?" అని నెత్తీ నోరూ బాదుకుంది. "ఎందుకు దాచావయ్యా?"

"వైద్యం చేసేదాని మొగుడికే క్షయ అంటే నీ మందు ఎవరు ముట్టుకుంటారే? ఆకులు కోస్తుంటే నీ మొహంలో ఆ కళ చూడాలి. అది పోగొట్టబుద్ధి కాలేదు."

మర్నాడే ఉణిచిరని తోడు పిలుచుకుని మొగుణ్ణి కొండెక్కించింది. ఆ ఆడమనిషి ఒక్క దెప్పుమాట అనలేదు, పొక్కన్‌కి భుజమిచ్చి నడిచింది. డాక్టరు చూసి, రెండు ఊపిరితిత్తులూ పోయాయమ్మా, కాస్త ముందు తెస్తే సూదులతో నిలబెట్టేవాళ్లం అన్నాడు. అడ్డసరం దగ్గుని మెత్తబరుస్తుందే గానీ ఈ జబ్బుని తాకదని కూడా అన్నాడు.

చివరి రోజుల్లో ఆసుపత్రి మంచం మీద పొక్కన్ ఆ మందే అడిగాడు. చేసి తీసుకెళ్లింది. రెండు చుక్కలు చప్పరించి, "ఇక దాచేదేముందే, ఆ సున్నం కూడా తేకపోయావా?" అన్నాడు. మాతు నవ్వింది, నవ్వుతూనే భోరుమంది. ఆ వారంలోనే అతను పోయాడు.

జనం మందుకి రావడం మానతారని అతను భయపడ్డాడుగానీ, ఎవరూ మానలేదు. మొదట ఉణిచిరే మనవణ్ణి తీసుకొచ్చింది. మాతు ఆకులు కొయ్యలేదు. తెల్లటి పింగాణీ గిన్నె తెచ్చి వాడి ముందు పెట్టింది.

"ముందు ఇందులో ఉమ్మరా నాయనా."

గిన్నెని వెలుగులోకి తీసుకెళ్లి, అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూసింది. ఎరుపు లేదు. "అయినా ఒకసారి కొండమీద చూపించవే" అని ఉణిచిరతో చెప్పి, అప్పుడు పెరట్లోకి వెళ్లింది. సున్నం డబ్బా ఇంకా దూలం మీదే ఉంది. తియ్యడానికి ఆమెకి చెయ్యి రావడం లేదు.