వెనక్కి తిరిగి కూర్చునే మామగారు

చివరి శనివారం అచ్యుతరావు గారు ఇండియన్ స్టోర్ నుంచి కోడలితో ఇంటికొచ్చి, మధ్యాహ్నం మూడింటికి తనే ఆమ్లెట్ వేసుకుని తిన్నారు. కారెక్కి క్షేమంగా తిరిగొస్తే గుడ్డు తినాలన్నది ఆయన నియమం. అంతకంటే గట్టి నియమం ఇంకొకటుంది: కారులో ఆయన వెనక్కి తిరిగే కూర్చుంటారు.

టెక్సాస్‌లోని ప్లేనోలో జనమంతా ఎక్కడికి వెళ్తున్నామో చూస్తూ ప్రయాణిస్తే, ఆయన ఒక్కరే ఎక్కడి నుంచి వస్తున్నామో చూస్తూ ప్రయాణించేవారు. అందుకే కొడుకు భాస్కర్ ఆ పాత స్టేషన్ వ్యాగన్ అమ్మలేకపోయాడు. దాని డిక్కీలో వెనక అద్దం వైపు తిరిగిన పిల్లల సీటు ఉంది. అయిదడుగుల మామగారు అందులో సరిగ్గా పట్టేవారు.

చదువుకని ఇంగ్లండ్ వెళ్ళి, రెండో ప్రపంచ యుద్ధం రాగానే బాంబర్ విమానం తోకలో తుపాకీ పట్టుకు కూర్చున్న మనిషాయన. మిగతా ఆరుగురూ ముందు, ఈయనొక్కరే వెనక గాజుగూట్లో. ఊళ్ళో జనానికి వారానికొక గుడ్డు రేషన్. దాడికెళ్ళి తిరిగొచ్చినవాళ్ళకి మాత్రం ప్రత్యేకంగా ఒకటి. “నువ్వు రాకపోతే నీ గుడ్డు నాది,” అని బయల్దేరే ముందు ఒకళ్ళనొకళ్ళు ఏడిపించుకునేవారట.

2004లో ఈ గొడవంతా కోడలు పద్మిని మెడకు చుట్టుకుంది. అంతకు ముందు ఏడాది హైవే మీద ఆమె కారుని వెనక నుంచి ట్రక్కు గుద్దింది. దెబ్బలేం తగల్లేదు గానీ, ఆమె మళ్ళీ హైవే ఎక్కలేదు. ఇప్పుడు డాలస్‌లో ల్యాబ్ ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరాలి. భాస్కరేమో వారమంతా వేరే ఊళ్ళో క్లయింట్ దగ్గర.

“జాయిన్ అవలేనని మెయిల్ పెట్టేస్తాను మామయ్యగారూ.”

“పెట్టెయ్. రేపు ఆదివారం, ఒక్కసారి వెళ్ళొచ్చాక పెట్టు. తోకలో నేనుంటాగా.”

మర్నాడు హైవే ఎక్కే ర్యాంపు మీదే ఆమె వేళ్ళు స్టీరింగుకి అతుక్కుపోయాయి.

“అమ్మాయ్! అయిదు గంటల దిక్కున నల్ల ట్రక్కు!” గడియారం అంకెలతో దిక్కులు చెప్పడం యుద్ధం నాటి అలవాటు.

“అయ్యో! ఏ లేన్‌లో?”

“నన్ను నమ్మకు. అద్దంలో చూసుకో.”

చూసింది. ట్రక్కు లేదు. “ఏదండీ?”

“మనల్ని చూసి పారిపోయాడు.”

నిమిషం గడిచిందో లేదో, “ఏడు గంటల దిక్కున ఎర్ర కారు! నన్ను నమ్మకు, అద్దం!”

అదీ లేదు. “ఇది కూడా పారిపోయిందా?”

“ఉత్త పిరికివాళ్ళమ్మా ఈ టెక్సాస్ వాళ్ళు.”

నవ్వబోయి పద్మిని అద్దంలోకి చూసింది. అద్దం నిండా ట్రక్కు. ఈసారి ఆయన ఏమీ అనలేదు.

“మామయ్యగారూ! ట్రక్!”

“ఎంత దూరం?”

“దగ్గరే! ఇంకా దగ్గరికొస్తోంది!”

“ఎటు ఖాళీ?”

“కుడి... కుడివైపు ఖాళీ.”

“ఇంకోసారి చూసుకుని వెళ్ళు. నేనెక్కడికీ పోను.”

చూసింది. బ్లింకర్ వేసింది. లేన్ మారింది. ట్రక్కు హోరుమంటూ పక్క నుంచి వెళ్ళి దూరమయింది.

“పోయిందా?” అన్నారాయన.

“పోయింది.”

“గుడ్డు సంపాదించావు!”

పద్మిని గుడ్డు ముట్టదు. ఆవిడ వాటా కూడా ఆయనే తిన్నారు. మొదటి రెండు వారాలూ వెంట వెళ్ళి, సాయంత్రం దాకా ల్యాబ్ లాబీలో కునికేవారు. మూడో వారం పద్మిని ఒక్కతే వెళ్ళింది. గుమ్మంలోంచి ఆయన, “రాకపోతే నీ గుడ్డు నాది!” అన్నారు.

“వచ్చినా మీదేగా!”

ఆ చివరి శనివారం ఆమ్లెట్ తిన్న మూడో రోజున ఆయన నిద్రలోనే పోయారు. పదకొండో రోజున, ఆయన స్నేహితుడు, రిటైరయిన కళ్ళ డాక్టరు రాధాకృష్ణ గారు కాఫీ తాగుతూ మాటల్లో అన్నారు:

“చూపు పోయి మూడేళ్ళయిందమ్మా. చెయ్యి చాచినంత దూరం దాటితే అంతా మసకే. నీకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నాడు. ఒకసారి వచ్చి, ‘అమ్మాయికి అద్దం చూడ్డం అలవాటయింది, ఇక ట్రక్కులు తయారుచేసే పని తప్పింది’ అన్నాడు. ఏం ట్రక్కులో నాకర్థం కాలేదు.”

పద్మిని లెక్క వేసుకుంది. ఆ ఆదివారం వాళ్ళు హైవే ఎక్కి రెండేళ్ళే అయింది.